రెండో మిఠాయి తినడం ఎందుకు రాదు?

మార్ష్‌మాలో ప్రయోగం గురించి ఏదో ఒక మోటివేషన్ వీడియోలో వినే ఉంటారు. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్నాడు. ఆగినోళ్లే పెద్దయ్యాక బాగా చదివారని ప్రచారం. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల్ని తీసుకుని, ఇంటి పరిస్థితులు కూడా లెక్కేసి చూస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. అది పక్కన పెడదాం. వీడియోలవాళ్లు అడగనిది ఒకటుంది: రెండో మిఠాయి చేతికొచ్చాక కూడా తినకపోతే?

మా తాత చేసేది అదే. జమ్మలమడుగు దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచరుగా రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నాడు. పింఛనొస్తుంది, ఎఫ్‌డీలున్నాయి. కాశీ మాత్రం "వచ్చే ఏడు పోదాంలే". ఈ మాట నా ఏడో తరగతి నుంచి వింటున్నా. 2020 మార్చిలో రైల్వేవాళ్లు సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేశారు. అంతకుముందే పోయుంటే టికెట్లో తాతకి 40 శాతం, అవ్వకి 50 శాతం తగ్గేది. టికెట్ సంగతి వదిలేయండి, ఇప్పుడు అవ్వ మేడ మెట్లే ఎక్కలేదు. ఎఫ్‌డీకి చక్రవడ్డీ ఉంది, మోకాళ్లకి లేదు కదా.

దీన్ని పిసినారితనం అని తీసిపారేయలేం. ఒక్క జీతంతో ముగ్గురు పిల్లల్ని చదివించిన అలవాటు రిటైర్మెంటు రోజున ఆగిపోదు. మన భాషలో, బేస్ కేస్ రాయని రికర్షన్. భయం కూడా నిజమే: ఎన్నేళ్లు బతుకుతామో, ఏ ఆస్పత్రి బిల్లు వస్తుందో ఎవరికి తెలుసు?

ఇక మా ప్రొద్దుటూరులో పొదుపంటే బంగారం. అవసరానికి కుదువ పెట్టుకోవచ్చు గానీ, బీరువాలో గొలుసు నెలనెలా కూరగాయలకి డబ్బులివ్వదు. అమ్మడానికి ప్రాణం ఒప్పదు.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త (2017 నోబెల్) చెప్పిందొకటి ఇక్కడ పనికొస్తుంది. మనుషులు డబ్బునంతా ఒకటిగా చూడరు, మనసులోనే వేరువేరు డబ్బాల్లో పెట్టుకుంటారు. తాతకి 'అసలు' ముట్టుకోవడం దొంగతనంతో సమానం, 'జీతం' ఖర్చు పెట్టడం మామూలే. అంటే అసలుని జీతంలా కనిపించేట్టు చేయాల. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం చేసేది ఇదే. 60 దాటినోళ్లు 30 లక్షల దాకా వేయొచ్చు, 2023 ఏప్రిల్‌కి ముందు 15 లక్షలే. 8.2 శాతం లెక్కన 10 లక్షలకి మూడు నెలలకోసారి 20,500 రూపాయలు, అదీ ఒకటో తారీఖున. తాత ఎఫ్‌డీల వడ్డీ అసలులోనే కలిసిపోతుంది కాబట్టి ఆయనకది కనిపించనే కనిపించదు.

ఇదంతా ఉన్నవాళ్ల సమస్య. ప్రైవేటు ఉద్యోగాలు చేసినోళ్లకి ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి నెలకి 1,000 రూపాయలు. వాళ్ల దగ్గరికెళ్లి ఖర్చు పెట్టడం నేర్చుకోమంటే ఎగతాళి అవుతుంది.

పులివెందులలో మా పెదనాన్నకైతే రిటైర్మెంటు తేదీయే లేదు. చీనీ చెట్టు నాటితే నాలుగైదేళ్లకి గానీ కాపు రాదు. మధ్యలో బోరు ఎండితే ట్యాంకర్లతో తడపాల. పోయిన కాపు డబ్బుల్తో ఇంకో బోరు వేయించాడు. ఆయనకిప్పుడు 66.