పట్టికలో లేని పేరు

ప్రతి సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన పిమ్మట, ఫుట్‌బాలు జట్టునకు ఎన్నికయైన బాలుర పేర్లు వ్రాసి గోడపలకపై అంటించుట మా వాడుక. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలుడు ఆ పట్టికను పైనుండి క్రిందికి రెండుమారులు చదివి, ఎవరితోను మాటాడక వెడలిపోయెను. మరల మైదానమునకు రాలేదు. వానిని పిలిచి, "నాయనా, ఇది ఈ యేటి పట్టిక మాత్రమే" యని చెప్పవలసి యుండెను. మేము చెప్పలేదు. ఆ లోపము నేటికిని మమ్ము బాధించుచున్నది. కావున పట్టికలో పేరు లేక పోయిన యొక ఆటగాని చరిత్రమును మన విద్యార్థులకు తెలుపదలచితిమి. ఆయన అమెరికా దేశస్థుడగు రాడ్ స్మిత్తు.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది మన మైదానములో ఆడు ఆట కాదు. వారి బంతి గుండ్రముగా నుండక, ఇరుకొనలయందు మొనదేలి యుండును. దానిని కాలితో తన్నుట తక్కువ. చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు ఎక్కువ. ప్రక్కకు పదునొకండుగురు ఆడుదురు. ఇరువైపుల గోలు గీతల నడుమ దూరము 100 గజములు. బంతి గల జట్టునకు నాలుగు ప్రయత్నము లిత్తురు. వానిలో 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి వశమగును. బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాకు. దూరముగా పరుగెత్తి దానిని పట్టువాడు రిసీవరు. ఎదుటి గీతకు ఆవల బంతిని చేర్చినచో టచ్‌డౌను. దానికి 6 పాయింట్లు.

రిసీవరునకు వేగమొక్కటే చాలదు. ఎన్ని అడుగులు పరుగెత్తి ఎటు తిరుగవలెనో ముందుగనే నిర్ణయింపబడి యుండును. రిసీవరు తిరుగక మునుపే బంతి విసరువాని చేతినుండి వెడలుట తరచుగా జరుగును. ఒక్క అడుగు తప్పినచో అది ఎదుటివాని చేతిలో పడవచ్చును. ఇట్టి నిలుకడ పుట్టుకతో వచ్చునది కాదు; ఒకే పరుగును వందలమారులు పరుగెత్తినవానికి అలవడునది.

ఆ దేశమున కళాశాలలలో ఆడినవారినుండి జీతముపై ఆడు జట్లవారు ఏటేట కొందరిని ఎన్నుకొందురు. దీనికి డ్రాఫ్టని పేరు. ఇది 1936లో ఆరంభమయ్యెను. సాధారణముగా గడచిన యేడు అందరికంటె వెనుకబడిన జట్టు మొదట కోరుకొనును. జట్లన్నియు వంతుల వారీగా పేర్లు చెప్పుచుండగా పట్టిక పెరుగును. 1994లో 28 జట్లు ఏడు వంతులలో 222 మందిని ఎన్నుకొనెను. స్మిత్తు పేరు అందులో లేదు.

ఆయన 1970లో ఆర్కాన్సాసు రాష్ట్రములోని టెక్సార్కానాలో జన్మించెను. మిస్సోరి రాష్ట్రమున జాప్లిన్ పట్టణములోని మిస్సోరి సదరన్ కళాశాలలో చదివెను. ఆటలలో అది రెండవ తరగతికి చెందిన చిన్న కళాశాల. ఆయన అచ్చట ఆటలో పేరు పొందుటయే గాక, అర్థశాస్త్రము, వ్యాపారము మొదలగు విషయములలో మూడు పట్టములు సంపాదించెను. విద్యార్థులు దీనిని గమనింపవలెను. డ్రాఫ్టులో పేరు రానివారిలో అనేకులు ఒక్క పందెమైన ఆడకయే ఇంటికి మరలుదురు. బంతి చేయివిడిచినను చదువు చేయివిడువదు.

ఎన్నిక ముగిసిన పిమ్మట డెన్వరు బ్రాంకోసు జట్టువారు ఆయనను అభ్యాస దళములో చేర్చుకొనిరి. ఆ కాలమున ఈ దళమువారు దినదినము జట్టుతో కూడ సాధన చేయుచుండిరి గాని పందెమునాడు బరిలోనికి దిగెడివారు కారు. 1994 సంవత్సరపు ఆటలకాలమంతయు స్మిత్తు ఒక్క బంతినైనను పందెములో పట్టలేదు.

1995 సెప్టెంబరు 17వ తేదీన బ్రాంకోసు వాషింగ్టను జట్టుతో ఆడుచుండిరి. ఇరుపక్షములకును 31 పాయింట్లు, కాలము ముగియవచ్చెను. క్వార్టర్‌బ్యాకు జాన్ ఎల్వే దూరముగా విసరిన బంతిని స్మిత్తు గోలు గీత దాటి అందుకొనెను. అది 43 గజముల టచ్‌డౌను. అతని జట్టు గెలిచెను. జీతపు ఆటలో అతడు పట్టిన మొదటి బంతి అదియే!

ఇంతటితో కష్టము తీరెనని తలంపవలదు. ఆ యేడు అతడు పట్టినవి మొత్తము 6 బంతులు, మరుసటి యేడు 16, 1997లో 70. మెట్లు ఎక్కినట్లు ఎక్కెనే గాని ఎగిరి కూర్చుండలేదు.

1998 జనవరి 25న బ్రాంకోసు గ్రీన్‌బే జట్టును 31–24 పాయింట్లతో ఓడించి, సూపర్ బౌలను అగ్రపందెమును మొదటిసారి గెలిచెను. ఆనాడు స్మిత్తు పట్టిన బంతులెన్ని? ఒక్కటియు లేదు. తనకు బంతి రానప్పుడు రిసీవరు చేయవలసిన పని ఎదుటివారిని అడ్డగించి, బంతితో పరుగెత్తు తోటివానికి దారి చేయుట. ఆనాడు టెరెల్ డేవిసు 157 గజములు పరుగెత్తి మూడు టచ్‌డౌనులు చేసెను. మరుసటి యేడు 1999 జనవరి 31న అట్లాంటా జట్టుతో జరిగిన అగ్రపందెములో స్మిత్తు 5 బంతులు పట్టి 152 గజములు సాధించెను. వానిలో ఒకటి 80 గజముల టచ్‌డౌను. ఆ పందెమునందును బ్రాంకోసే గెలిచిరి.

2001లో 113 బంతులు పట్టి స్మిత్తు దేశములో ప్రథముడయ్యెను. 2006 వరకు డెన్వరు పక్షముననే ఆడి 849 బంతులను, 11,389 గజములను, 68 టచ్‌డౌనులను లెక్కకు తెచ్చెను. డ్రాఫ్టులో పేరు లేనివారిలో 10,000 గజములు దాటిన మొదటి రిసీవరు అతడే. తుంటి బాధచే 2007లో ఆడలేక 2008లో విరమించెను. 2012లో డెన్వరువారు తమ మైదానమున కీర్తివలయములో అతని పేరు నిలిపిరి.

ఎన్నుకొనువారు చెడ్డవారని మా భావము కాదు, మేమును ఎన్నుకొనువారమే. గడియారముతో పరుగును కొలువగలము, కొలబద్దతో ఎత్తును కొలువగలము. రాబోవు రెండేండ్లలో ఒక బాలుడు ఎన్ని సాయంకాలములు మైదానమునకు వచ్చునో కొలుచు సాధనము మావద్ద లేదు. తలిదండ్రులు కూడ ఇంటికి వచ్చిన బిడ్డను "పేరున్నదా, లేదా?" యని మాత్రమే అడిగి విడువక, "రేపు సాధనకు పోవుదువా?" యని అడుగవలెనని మా మనవి.

ఈ యేడు జట్టు పట్టిక క్రింద మేము ఒక పంక్తి చేర్చితిమి: "సాయంకాలము నాలుగున్నర గంటల సాధనకు, పేరు లేనివారును రావలెను." మొదటి వారమున నలుగురు వచ్చిరి. ఆనాడు వెడలిపోయిన బాలుడు ఇప్పుడు పెద్దవాడై యుండును. ఈ పత్రిక వాని చేతికి చేరునో లేదో మేమెరుగము. చేరినచో, ఆ పంక్తి ఆలస్యముగా వ్రాసినందుకు మమ్ము మన్నించునుగాక.