విరాళాల పట్టీకి నంబరు కావలె

సంపాదకులవారికి,

అయ్యా,

నేను తాలూకా కచేరీలో ముప్పై ఏండ్లకు పైగా దస్త్రాలు వ్రాసి పింఛను పుచ్చుకుంటున్న గుమాస్తాను. రాజకీయ పార్టీల విరాళాల లెక్కలను గురించి రెండు మాటలు మనవి చేయదలచినాను.

ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తీర్పు చెప్పినది. కోర్టు ఆజ్ఞ ప్రకారం మార్చి 14న ఎన్నికల సంఘం రెండు పట్టీలు ప్రకటించినది. ఒకదానిలో బాండ్లు కొన్నవారి పేర్లు, రెండవదానిలో వాటిని మార్చుకొన్న పార్టీల పేర్లు. తేదీలున్నవి, మొత్తాలున్నవి, ఎవరి సొమ్ము ఎవరికి చేరినదో మాత్రం తెలియలేదు. 2019 ఏప్రిల్ 1 మొదలు తీర్పు రోజు వరకు అమ్మిన బాండ్లు 22,217. ప్రతి బాండుకూ ఒక నంబరు ఉన్నది, కాని పట్టీలలో దానిని వేయలేదు. మార్చి 18న కోర్టువారు మరల గట్టిగా చెప్పిన మీదట 21న నంబర్లు బయటపడినవి. వెంటనే పత్రికలవారు రెండు పట్టీలనూ జతపరచి చూపగలిగినారు.

పేరొక్కటే నమ్ముకుంటే లెక్క కుదరదని మా హోసూరు వైపు తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. తమిళ లిపిలో కకార గకారాలకు ఒకటే అక్షరం. గోపాలయ్య ఒక కాగితంలో కోపాలయ్య అవుతాడు. ఒకచోట ఇంటిపేరు, ఒకచోట తండ్రి పేరు పొడి అక్షరంగా ముందు నిలుస్తుంది. ఇట్లు ఒక వృద్ధ రైతు మూడు కాగితాలలో ముగ్గురై ఆరు నెలలు కచేరీ చుట్టూ తిరిగినారు. అందులో ఒక తప్పు వ్రాసిన చేయి నాదే. కడకు పట్టా నంబరు పట్టుకొని చూడగా ముగ్గురూ ఒకరేనని తేలినది.

బాండ్లు పోయినా, 20,000 రూపాయలు మించిన విరాళాల పట్టీని పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి సమర్పించవలసియే ఉన్నది. ఒకే దాత పేరు రెండు పార్టీల పట్టీలలో రెండు విధాలుగా ఉంటే కలిపి కూడేదెవరు? కంపెనీలకు 21 అక్షరాంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఇదివరకే ఉన్నది. ప్రతి పద్దు ప్రక్కన దానిని తప్పక వేయించవలె. వ్యక్తులకు ఏటేటా మారని నంబరు ఒకటి సంఘమే ఇచ్చి, అన్ని పార్టీల పట్టీలలోనూ అదే వాడించవచ్చు.

పార్టీలకు సొమ్మిచ్చేవారెవరో తెలుసుకోవడం ఓటరు హక్కని కోర్టువారు చెప్పియున్నారు. ఆ హక్కు అక్కరకు రావలెనంటే సామాన్యుడు కూడుకొని చూచుకొనేటట్లు పట్టీ ఉండవలె. అధికారులు ఆలోచింతురు గాక.

ఇట్లు,
విశ్రాంత గుమాస్తా,
హోసూరు