ఊదకు తెలిసిన విద్య వరికి నేర్పగలమా?

వరి చేలో కలుపు తీసేవాళ్ళను అడగండి, మహా మొండిది ఊద అంటారు. లేత వయసులో అచ్చం వరిలాగే ఉంటుంది. గుర్తుపట్టేలోపే వరిని మించి లేస్తుంది. నేల అదే, నీరు అదే, వేసిన యూరియా అదే. అయినా ఎండ ముదిరేకొద్దీ ఊదదే పైచేయి. కిటుకు దాని ఆకులో ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎండ సాయంతో పిండిపదార్థంగా మార్చుకోవడానికి ఊదది ఒక పద్ధతి, వరిది మరో పద్ధతి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, చెరకు ఊద జట్టులోవి. చిరుధాన్యాల దుకాణంలో కొనే ఊదలు కూడా దాని చుట్టమే. వరి, గోధుమ, కంది, వేరుశనగ రెండో జట్టు.

వరి ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ పేరు రుబిస్కో. అది మహా మందకొడి, సెకనుకు మూడు అణువులు పట్టడమే గొప్ప. అందుకే మొక్క దాన్ని కుప్పలుగా తయారుచేసుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి: నాలుగైదుసార్లకు ఒకసారి అది కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అలా పుట్టిన పనికిరాని పదార్థాన్ని బాగుచేసుకోవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాలి, అంతకుముందు సంపాదించిన కార్బన్‌లో కొంత తిరిగి గాలికి వదలాలి. దీన్నే కాంతిశ్వాసక్రియ అంటారు. వేడి పెరిగితే ఈ నష్టమూ పెరుగుతుంది. రుబిస్కో పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ లేనట్టే లెక్క కాబట్టి, అప్పట్లో ఇది లోపంగా బయటపడే అవకాశమే లేదు.

ఊద జట్టు మొక్కల్లో రెండు రకాల కణాలు పని పంచుకుంటాయి. బయటి కణాల్లో ఆక్సిజన్ జోలికి పోని వేరే ఎంజైమ్ ఉంటుంది. అది పట్టిన కార్బన్ నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారి, ఈనెల చుట్టూ ఉన్న లోపలి కణాలకు చేరి, అక్కడ మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌గా విడుదలవుతుంది. రుబిస్కో కాపురం ఆ కణాల్లోనే. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసి ఉండగా దానికి పొరపాటు చేసే అవకాశం తక్కువ. 1966లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక చక్కెర కంపెనీ ప్రయోగశాలలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల్లో ఈ దారిని తేల్చారు. దీన్నే సీ4 అంటారు. సిద్ధాంతం ప్రకారం వరి జట్టు ఎండలోని శక్తిలో 4.6 శాతం దాకా పంటలో దాచుకోగలిగితే, సీ4 జట్టు 6 శాతం దాచుకోగలదు.

హరిత విప్లవం ఈ ఆకు జోలికి పోలేదు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్-8 పొట్టి రకం. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి, చుట్టుపక్కల రైతులకు దారి చూపారు. మొక్క బరువులో గింజ వాటా మూడో వంతు నుంచి సగానికి చేరింది. సగాన్ని మరీ మించితే గింజను మోసే గడ్డి చాలదు కాబట్టి, ఆ దారి దాదాపు చివరికొచ్చింది. ఇక పెరగాల్సింది మొత్తం సంపాదనే.

ఆ సంస్థలోనే పనిచేసిన జాన్ షీహీ ఆలోచనతో 2008లో సీ4 వరి పథకం మొదలైంది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో జేన్ లాంగ్‌డేల్ దాన్ని ముందుకు నడిపించారు. ఆసియాలో హెక్టారు వరి 27 మందికి తిండి పెడుతోంది, 2050 నాటికి 43 మందికి పెట్టాలి అన్నది వాళ్ళ లెక్క. ఫలిస్తే దిగుబడి సగం మేర పెరగవచ్చు. అయితే ఒకటి రెండు జన్యువులతో తేలే పని కాదు. ఆకు కట్టడమే మారాలి, ఈనెలు దగ్గరవాలి. 2017లో మొక్కజొన్న జన్యువు ఒకటి వరిలో పెడితే ఈనెల చుట్టూ ఉన్న కణాల్లో హరితరేణువులు పెరిగాయి. చిన్న అడుగే. ప్రకృతి మాత్రం వేర్వేరు మొక్కల్లో ఈ మార్పును 60 సార్లకు పైగా విడివిడిగా సాధించింది. శాస్త్రవేత్తల ధైర్యమంతా అదే.

ఉన్న యంత్రాన్నే బాగుచేద్దామనేవాళ్ళు మరికొందరు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కాంతిశ్వాసక్రియకు అడ్డదారి వేసి, పొలంలో పొగాకు బరువు 40 శాతం పెంచినట్టు 2019లో ప్రకటించారు. నీడకు త్వరగా సర్దుకునే సోయాను పండిస్తే దిగుబడి సగటున పాతిక శాతం దాకా పెరిగిందని 2022లో ప్రకటించారు. రెండో ఏడు గాలివానకు పైరు పడిపోయింది, తేడా తేలలేదు. జపాన్‌లో రుబిస్కోను ఎక్కువ చేసిన వరి ప్రయోగ క్షేత్రంలో 28 శాతం దాకా ఎక్కువ పండింది. పొగాకు లెక్కలు చూసి అన్నం గురించి మాట్లాడటం నాకు తొందరపాటుగానే అనిపిస్తుంది. వరిలో మనకు కావలసింది ఆకు కాదు, గింజ.

హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధనా సంస్థ సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100ను 2025 మేలో ప్రకటించారు. అది కంకికి గింజలు పెంచే దారి. కానీ గింజలు పెరిగినంత మాత్రాన సరిపోదు, పాలు పోసుకోవాలి. ఆకు పిండి అందించకపోతే మిగిలేది తాలే. అందుకని ఈ రెండు దారులూ కలవక తప్పదు.

మరి ఆకలి? 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. మన గోదాముల్లో బియ్యం నిండుగా ఉన్నా పోషకాహార లోపం పోలేదు. 1943 బెంగాల్ కరువులో కొనే శక్తి లేకే జనం చనిపోయారని అమర్త్యసేన్ చూపించారు. ఆఫ్రికాలో చాలాచోట్ల వరి హెక్టారుకు రెండు టన్నుల దగ్గరే ఆగడానికి కారణం ఆకు కాదు. నీరు, ఎరువు, విత్తనం అందకపోవడం. మెరుగైన ఆకు వల్ల అసలు లాభం తక్కువ నేలలో, తక్కువ నీటితో, ముదిరే ఎండల్లో పంట నిలబెట్టుకోవడం. అదేమీ తక్కువ లాభం కాదు.

ఈసారి వరి దిగుబడి సగం పెరిగిందన్న వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. పెరిగింది మొక్క బరువా, గింజ బరువా? ఎన్ని ఊళ్ళలో, ఎన్ని పంటకాలాలు పండించి చూశారు? పక్కన స్వర్ణనో సాంబ మసూరినో వేసి పోల్చారా?