పొట్టు పీల్చే గొట్టంలో స్థిర విద్యుత్తు

ఇంటి వెనుక షెడ్డులో రంపపు మిషను పెట్టుకుని చెక్కపని చేసేవారు కొందరు పొట్టును పీల్చే యంత్రాన్ని కూడా అమర్చుకుంటున్నారు. ఇది మెచ్చుకోదగిన సంగతి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. అయితే ఈ యంత్రం నడుస్తుండగా గొట్టాన్ని తాకితే వేలు చురుక్కుమంటుంది, ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఇందులో ఏది నిజంగా ప్రమాదమో, ఏది కాదో విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి తెలుసుకోవడం అవసరం.

పొడి జుట్టును దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగడం మీరు బడిలో చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. పొట్టు వేగంగా పోతూ పి.వి.సి. గొట్టం లోపలి గోడను రాసుకుంటుంది, ఆవేశం పుడుతుంది. పి.వి.సి. విద్యుత్తును పోనివ్వదు గనుక ఆ ఆవేశం పుట్టినచోటే నిలిచిపోతుంది. గాలిలో తేమ తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. సముద్రపు తేమ ఉండే యానాంలో కంటే ఎండుగాలి వీచే రోజుల్లో బళ్లారిలో, షోలాపూర్‌లో దీని బాధ ఎక్కువ.

గొట్టం చుట్టూ రాగి తీగ చుట్టి ఎర్త్ చేస్తే చాలునని చాలామంది చెబుతారు. అది సగం మాటే. తీగ ఉన్నచోట చురుకు తగ్గుతుంది గాని ప్లాస్టిక్ వాహకం కాదు, తీగ తగలని భాగంలో ఆవేశం అలాగే ఉంటుంది. తీగను గొట్టం లోపల వేస్తే పొట్టు దానికి చిక్కి దారి మూసుకుపోతుంది. అసలు చూడవలసింది ప్లాస్టిక్ మధ్య ఒంటరిగా మిగిలిపోయిన లోహపు ముక్కలను. గొట్టాన్ని మూసే రేకు తలుపు, బిగించే క్లాంపు, మెత్తని హోస్ లోపలి స్ప్రింగు తీగ ఇలాంటివి. ప్లాస్టిక్ తన ఆవేశాన్ని కొంత కొంతగా వదులుతుంది. లోహం ఉన్నదంతా ఒక్క రవ్వలో వదిలేస్తుంది.

ఆ రవ్వకు ఎంత శక్తి ఉంటుందో పన్నెండో తరగతి విద్యార్థులు లెక్క కట్టవచ్చు. మీ పాఠం ఏ భాషలో ఉన్నా సూత్రం ఒకటే: కెపాసిటెన్సును వోల్టేజి వర్గంతో గుణించి అందులో సగం తీసుకోవాలి. మనిషి శరీరానికి సుమారు 100 పికోఫారడ్లు, వోల్టేజి 10,000 అనుకుంటే వచ్చేది 5 మిల్లీజౌళ్లు. చెక్క ధూళి మేఘం అంటుకోవడానికి సాధారణంగా పదుల మిల్లీజౌళ్లు కావాలి. పైగా ఘనమీటరు గాలిలో సుమారు 40 గ్రాములు, లేదా అంతకు మించిన ధూళి తేలుతూ ఉండాలి. ఇంటి గొట్టంలో ఈ రెండూ కలవడం అరుదు. అందుకని పేలుతుందన్న భయం పెద్ద ఫ్యాక్టరీలకు తగినంతగా ఇంటి షెడ్డుకు తగదు.

థిన్నర్ ఆవిరి సంగతి వేరు. దానికి ఒక మిల్లీజౌలు కూడా అక్కరలేదు, కాబట్టి పాలిష్ పని చేసేచోట ఈ యంత్రం నడపరాదు. ఇనుము గ్రైండింగు రవ్వలను కూడా ఇదే గొట్టంలోకి పీల్పించరాదు. ఒక్క నిప్పురవ్వ పొట్టు సంచిలో గంటల తరబడి కనపడకుండా రాజుకోగలదు. ఇక వేలు చురుక్కుమన్నప్పుడు చెయ్యి ఉలిక్కిపడుతుంది. ఆ చెయ్యి తిరుగుతున్న రంపం పక్కన ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నివారణ కష్టమేమీ కాదు. హోస్ రెండు కొనల దగ్గరా రెండంగుళాల మేర ప్లాస్టిక్ ఒలిచి, లోపలి స్ప్రింగు తీగను ఒకవైపు రంపపు మిషను లోహపు శరీరానికి, మరోవైపు పీల్చే యంత్రం శరీరానికి స్క్రూతో బిగించాలి. దారిలోని రేకు తలుపులను, క్లాంపులను చిన్న తీగలతో దీనికే కలపాలి. రేకు గొట్టాలు వాడేవారు అతుకుల దగ్గర రబ్బరు అడ్డుపడకుండా చూసుకుంటే చాలు.

ఇదంతా చివరకు చేరేది మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పై పిన్నుకు. పాత ఇళ్లలో సాకెట్టుకు రెండే రంధ్రాలున్నాయని ఆ పిన్నును కోసేసేవారున్నారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని. స్థిర విద్యుత్తు ఒక్కసారి చురుక్కుమని అంతటితో పోతుంది. మిషను శరీరం తాకినంతసేపూ జివ్వుమంటుంటే అది స్థిర విద్యుత్తు కాదు, లైను కరెంటు లీకవుతోంది. వెంటనే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ మిషనును ముట్టుకోకూడదు. "స్టాటిక్కేలే" అని పిల్లలకు సర్దిచెప్పే పెద్దలు ఈ తేడాను ముందుగా తాము తెలుసుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే మరీ మంచిది.

కొన్ని చిన్న యంత్రాలకు రెండు పిన్నులే వస్తాయి. వాటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది లోపం కాదు, రెండు పొరల ఇన్సులేషను ఉందని అర్థం. అప్పుడు హోస్ తీగను ఎర్త్ ఉన్న రంపపు మిషనుకే కలపాలి. పని పూర్తయ్యాక ప్లగ్గు పీకి, మల్టీమీటరు ఒక కొనను లావు పిన్నుకు, రెండోదాన్ని గొట్టం చివరి లోహానికి ఆనించండి. ముల్లు లేదా అంకె కొన్ని ఓములలోపు చూపితే దారి తెగలేదన్నమాట. గోడ సాకెట్టుకు ఎర్త్ నిజంగా ఉందో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే పరీక్ష చేయించండి.