మీకు తెలుసా? అమ్మేవాడిని కాదు, ల్యాప్‌టాప్‌నే అడగొచ్చు

బెంగళూరు యలహంకలో 1984 నుంచి రైలు చక్రాలు పోతపోస్తున్నారు. అక్కడి రైల్ వీల్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ప్రతి చక్రం మీదా తయారీ నంబరు ఉంటుంది. అదే యలహంకలో ఇంజనీరింగ్ చదువుకుంటున్న హిందూపురం, అనంతపురం, కడప పిల్లల ల్యాప్‌టాప్‌లలోనూ ఇలాంటి గుర్తులున్నాయి. కాకపోతే అవి పైకి కనబడవు, ఒక్కచోట ఉండవు. ప్రోగ్రాం అడిగితే మాత్రం బయటపడతాయి.

ముందు ప్రాసెసర్ సంగతి. 1993లో ఇంటెల్ పెంటియం వచ్చినప్పటి నుంచి ‘సీపీయూఐడీ’ అనే ఆదేశం వాడుకలో ఉంది. ఈ ఆదేశం ఇస్తే ప్రాసెసర్ 12 ఇంగ్లిష్ అక్షరాల్లో తన కంపెనీ పేరు చెబుతుంది. ఇంటెల్‌దైతే ‘జెన్యూయిన్‌ఇంటెల్’, ఏఎండీదైతే ‘అథెంటిక్‌ఏఎండీ’. నాలుగేసి అక్షరాల చొప్పున మూడు రిజిస్టర్లలో వస్తుంది జవాబు. లినక్స్‌లో ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ అని కొడితే తెరమీద పడే వివరాల్లో చాలావరకు ఇలా అడిగి తెచ్చినవే.

ర్యామ్ కార్డు మీద కూడా ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. ఎన్ని జీబీలు, ఎంత వేగం, ఎవరు చేశారు అన్నవి అందులో రాసి ఉంటాయి. పవర్ బటన్ నొక్కగానే బయోస్ చదివేది దాన్నే. మానిటర్ అయితే 128 బైట్ల చీటీ ఒకటి దగ్గర పెట్టుకుంటుంది. తయారైన సంవత్సరానికి అందులో ఒకే ఒక్క బైటు. 1990 తర్వాత ఎన్నేళ్లకు తయారైందో ఆ అంకె వేస్తారు. అక్కడ 34 ఉంటే అది 2024లో చేసిన మానిటర్.

చిక్కు ఎక్కడంటే, ఈ జవాబులన్నిటినీ ఒకేలా నమ్మడానికి లేదు. బయోస్‌లో ఉండే మోడల్ పేరు, సీరియల్ నంబరు ఫ్యాక్టరీలో ఎవరో నింపాల్సినవి. నింపడం మరిచిపోతే? లినక్స్‌లో ‘డీఎంఐడీకోడ్’ నడిపి చూడండి. చాలా అసెంబుల్డ్ కంప్యూటర్లలో సీరియల్ నంబరు ఉండాల్సిన చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని కనిపిస్తుంది. నింపాల్సిన ఖాళీ అలాగే మార్కెట్లోకి వచ్చేసిందన్నమాట. కాలేజీ ల్యాబుల్లో యంత్రాల లెక్క రాయడానికి స్క్రిప్టు రాసే పిల్లలు, సీరియల్ నంబరు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడే దెబ్బతింటారు. వరసగా పది యంత్రాలు ఒకే నంబరు చెప్పొచ్చు. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసును కూడా జతచేసుకోవడం మంచిది.

విండోస్ సెట్టింగ్స్‌లో కనిపించే ప్రాసెసర్ పేరునూ గుడ్డిగా నమ్మలేం, అది విండోస్ తన వివరాలు దాచుకునే రిజిస్ట్రీలోంచి వచ్చేదే. దాన్ని మార్చి, ఐ3ని ఐ7గా చూపించడం పెద్ద విద్యేం కాదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడేవాళ్లు ముందుగా చూడాల్సింది రెండే అంకెలని నా గట్టి అభిప్రాయం. ఒకటి డిస్కు పనిచేసిన గంటలు. హార్డ్ డిస్క్ అయినా, ఎస్ఎస్‌డీ అయినా తాను ఎన్ని గంటలు నడిచిందో తనలోనే రాసుకుంటుంది. ‘స్మార్ట్‌సీటీఎల్’ అనే ఉచిత ప్రోగ్రాం ఆ లెక్క చదివి చూపిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు. ‘అసలు డిస్కే, ఏడాదే వాడాను బ్రో’ అంటూ అమ్మేవాడి యంత్రంలో 9,500 కనిపిస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమైపోతుంది. కొన్ని ఎస్ఎస్‌డీలు నిద్రలో ఉన్న సమయాన్ని లెక్కలో కలపవు. కాబట్టి అసలు వయసు ఇంకా ఎక్కువే అయి ఉండొచ్చు.

ఈ మీటరును వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కులు కొన్ని అంతకుముందే వేల గంటలు నడిచినవని తేలింది. మామూలు లెక్కను ఎవరో సున్నా చేశారు. కానీ డిస్కు లోపల ‘ఫార్మ్’ అనే మరో చిట్టా ఉంది, దాని జోలికి వెళ్లలేదు. దొరికిపోయింది అక్కడే.

రెండో అంకె బ్యాటరీది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిష్‌లో కొడితే ఒక రిపోర్టు ఫైలు తయారవుతుంది. అందులో కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. 50 వాట్-అవర్లది 31కి దిగితే మిగిలింది 62 శాతం. బ్యాటరీ మార్చడానికయ్యే ఖర్చు బేరంలో తగ్గించమనొచ్చు.

ఇంత సులువుగా అన్నీ చెప్పే యంత్రం, ఎవరడిగినా చెప్పేస్తే ప్రమాదమే. 1999లో ఇంటెల్ తన పెంటియం 3లో ప్రతి చిప్‌కూ విడిగా ఒక నంబరు పెట్టి, ప్రోగ్రాములు చదివే వీలు కల్పించింది. మనుషుల వెంటపడి నిఘా పెట్టడానికి పనికొస్తుందని గగ్గోలు పుట్టింది. పెంటియం 4లో ఆ నంబరు లేదు. ఇప్పుడు లినక్స్‌లో సీరియల్ నంబరు రూట్ అధికారం ఉంటేనే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకు ఫోను గుర్తింపు నంబరైన ఐఎంఈఐ చదివే అనుమతి లేదు. ఈ కట్టుబాట్లు లేకపోతే టార్చిలైట్ యాప్ కూడా మన ఫోను ఐఎంఈఐ నోటు చేసుకునేది.

కొనడానికి వెళ్లేటప్పుడు ఉబుంటు ఎక్కించిన పెన్ డ్రైవ్ ఒకటి జేబులో వేసుకోండి. ల్యాప్‌టాప్‌ను దాన్నుంచే బూట్ చేయమనండి. డిస్కులో ఉన్న విండోస్‌ను ముట్టుకోనక్కర్లేదు, అందులో మార్చిపెట్టిన పేర్లు మీ ముందుకు రావు. స్మార్ట్‌సీటీఎల్‌ను మాత్రం ముందే ఆ పెన్ డ్రైవ్‌లో వేసుకోవాలి, షాపులో నెట్ దొరకకపోవచ్చు. అన్నీ చూడటానికి పావుగంట చాలు. బూట్ చేయనివ్వని చోట కొనకండి.