గ్రైండరును వ్యానులో ఎలా తేవాలి?

మన వంటశాల గ్రైండరు రాజమండ్రిలో బాగుచేయించి తెస్తుంటే గోకవరం దాటాక గతుకుల్లో అడుగు రాయి చిట్లింది. రుబ్బే రాళ్లు లోపలే వదిలేశారు మరి! మూడు నెలలు ఇడ్లీ లేదు.

కొత్తదాని కోసం వార్డెన్ గారితో నేనూ వెళ్లాను. ముందు రాళ్లు బయటికి తీసి, గోనెసంచుల్లో చుట్టి వేరే పెట్టాం. లోపల కదిలే బరువే దెబ్బ కొడుతుంది. గ్రైండరును పడుకోబెట్టలేదు. కింద పాత పరుపు వేసి, నిలువుగా క్యాబిన్ వైపు ఆనించి, రెండు పక్కలా కొక్కేలకు తాళ్లు కట్టాం. ఎందుకంటే బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ సరుకు ముందుకే పోతుంది. న్యూటన్ 1687లో చెప్పిన జడత్వం ఇదే!

కుదుపులకు తాడు వదులవుతుంది. అందుకే గోకవరంలో ఆగి మళ్లీ బిగించాం. రంపచోడవరం దాకా ఏమీ కాలేదు.

ఆదివారం ఇడ్లీ తినేటప్పుడు ఆ తాడును తలచుకోండి!

– 9వ తరగతి విద్యార్థి