పంపు: ఓడ అడుగు నుంచి బోరు అడుగుకు

రాయలసీమకు సముద్రం లేదు. కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో పడవ ఎక్కకుండానే బతుకు వెళ్ళదీసినవాళ్ళు ఎందరో. అయినా ఇక్కడి రైతు రోజూ పలికే మాటల్లో ఒకటి నావికుల భాష నుంచి వచ్చింది. అది పంపు.

ఇంగ్లీషు రాతల్లో ఈ మాట పదిహేనో శతాబ్దంలో కనిపిస్తుంది. అప్పటి వాడుక ఎక్కువగా ఓడలదే. ఉత్తర సముద్రంలో తమతో పాటు తిరిగే డచ్చి నావికుల నుంచి ఇంగ్లీషువాళ్ళు దీన్ని అందుకున్నారని నిఘంటుకర్తలు చెబుతారు. ఉత్తర జర్మనీ తీరపు పలుకుబడిలోనూ దీనికి తోబుట్టువు ఉంది. పాత డచ్చిలో ‘పొంపె’ అంటే యంత్రం కాదు, నీళ్ళు పారే గొట్టం. నీరు తోడేటప్పుడు వచ్చే చప్పుడే మాటైందని అనేవాళ్ళూ ఉన్నారు.

చెక్క ఓడను ఎంత బిగువుగా కట్టినా పలకల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. ఊరిన నీరు ఓడ అడుగున చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తోడి పారబోయకపోతే ఓడ మునుగుతుంది. అందుకే పొడవాటి దుంగను నిలువునా తొలిచి, పైనుంచి అడుగుదాకా నిలబెట్టేవారు. లోపల తోలు మూత తగిలించిన ముషలకం పైకీ కిందికీ ఆడుతుంది. పైకి లాగితే నీరు వెంట లేస్తుంది, కిందికి నొక్కితే మూత తెరుచుకుని నీరు ముషలకం పైభాగానికి చేరుతుంది. తుపాను రోజుల్లో నావికులు వంతులవారీగా పగలూ రాత్రీ దీన్ని ఆడించేవారు. అంటే పంపు పుట్టింది నీళ్ళను వదిలించుకోవడానికి. నీళ్ళ కోసం ఆకాశం వైపు చూసే సీమకు అది చేరడం చరిత్రలో ఒక తమాషా.

డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దిగారు. మనవాళ్ళు వాళ్ళను వలందులన్నారు. ఆ ఊళ్ళో వలందపాలెం ఇప్పటికీ ఉంది. అయితే పంపు మనకు వాళ్ళ చేతి మీదుగా రాలేదు, ఇంగ్లీషు దారిలో వచ్చింది. ఈ సందర్భంలో ఒక మాట. కర్నూలు–కడప కాలువను డచ్చి కంపెనీ తవ్వించిందని మన దగ్గర తరచు రాస్తుంటారు. తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. అది ఇంగ్లండు పెట్టుబడితో నడిచిన ఇంగ్లీషు కంపెనీ. ఆర్థర్ కాటన్ ఆలోచనల ఊతంతో పుట్టింది. సాగుకూ పడవలకూ కలిపి తలపెట్టిన ఆ కాలువ లాభాలు తేలేదు, చివరకు 1882లో ప్రభుత్వం కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు అందుకుని పల్లానికి పారే ఆ కాలువకు పంపుతో పని లేదు. కాలువ నీరు ఎక్కని మెట్ట భూములకే పంపు కావలసి వచ్చింది.

మాటకు తెలుగులో ఒక సౌలభ్యం దొరికింది. ‘పంపు’ అనే క్రియ మనకు ముందే ఉంది కనుక, నీళ్ళు పంపేది పంపు అని ఎవరైనా సులువుగా సరిపెట్టుకోవచ్చు. రెండింటికీ పుట్టుకలో సంబంధం లేకపోయినా, పరాయి మాట అనే వాసన పోవడానికి ఈ పోలిక సాయపడిందని నా అనుమానం. వాడుక మాత్రం చోటుచోటుకూ మారుతుంది. కోస్తాలో చాలాచోట్ల వీధి పంపు అంటే కొళాయే. సీమ రైతు పంపుసెట్టు అంటాడు, అంతకంటే ఎక్కువగా ‘మోటరు’ అంటాడు. చేతిపంపును బోరింగు అనడం చాలాచోట్ల వింటాం.

ఇక అసలు చిక్కు లోతుది. ఓడ పంపు నీటిని లాగుతుందని అంటాం గాని, నిజానికి లాగేదేమీ లేదు. గొట్టంలో గాలి ఒత్తిడి తగ్గితే, బయటి గాలి నీటి మీద అదిమి దాన్ని గొట్టంలోకి ఎక్కిస్తుంది. గాలి బరువు ఎంతో అంతవరకే నీరు లేస్తుంది: సముద్రమట్టం దగ్గర సుమారు 10.3 మీటర్లు. ఓడ లోతు సాధారణంగా అంతకు లోపే కాబట్టి నావికులకు ఈ హద్దు తగల్లేదు. తగిలింది నేల మీద, లోతైన బావుల్లో. పంపు ఒక ఎత్తు దాటి నీటిని లేపలేకపోవడాన్ని గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో ప్రస్తావించాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి నీటి బదులు దానికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం తీసుకుని, అది 76 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుందని చూపించాడు. గాలికి బరువుందన్న సంగతి పంపు చేతగానితనం వల్ల అలా బయటపడింది.

కర్నూలు సముద్రమట్టానికి 270 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ హద్దు సుమారు 10 మీటర్లకు దిగుతుంది. 30 డిగ్రీల వేడి నీటి ఆవిరి మరో 40 సెంటీమీటర్లు తినేస్తుంది. గొట్టంలో ఒరిపిడి, అతుకుల్లో దూరే గాలి కలిపితే ఆచరణలో మిగిలేది ఆరేడు మీటర్లే. కపిలకు ఈ బెడద లేదు. ఎడ్లు తాడు లాగితే బాన ఎంత లోతు నుంచైనా వస్తుంది. ఆలస్యం, అలసట తప్ప హద్దు లేదు. కపిల పోయి కరెంటు మోటరు వచ్చాక నీటిమట్టం దిగినకొద్దీ రైతు బావి గోడలో అరుగు తవ్వి మోటరును కిందికి దించుకున్నాడు. వాన గట్టిగా పడి ఊట పెరిగితే అదే మోటరు నీట మునిగి కాయిలు కాలిపోయేది.

బావి గట్టున రైతు మోటరు వేసే ముందు చేసే పని చూడండి. బిందెతో నీళ్ళు పోసి గొట్టం నింపుతాడు. అడుగున ఫుట్‌వాల్వు కారుతుంటే పేడ కలిపిన నీళ్ళు పోస్తాడు. పేడలోని పీచు సందుల్లో ఇరుక్కుని నీరు కిందికి కారిపోకుండా ఆపుతుంది. నీరు కారిపోతే గొట్టంలో గాలి చేరుతుంది. గాలి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి తగ్గదు, నీరు లేవదు. తోలు మూత ఎండిపోయినప్పుడు ఓడ మీద నావికుడు కూడా ఇలాగే పైనుంచి నీళ్ళు పోసి పంపును దారికి తెచ్చేవాడు.

హద్దును దాటాలంటే పంపే నీటిలోకి దిగాలి. చేతిపంపులో ఆ పని చేసింది 1970ల ఇండియా మార్క్–2: కడ్డీ చివర సిలిండరును నీటి మట్టం కిందికి దింపారు. కరెంటుతో ఆ పని సబ్‌మెర్సిబుల్ చేస్తుంది. చమురు బావుల కోసం ఇంజనీరు అర్మాయిస్ అరుట్యునోవ్ తీర్చిదిద్దిన ఈ పద్ధతిలో, ఆరున్నర అంగుళాల బోరులో సన్నటి మోటరు, దాని మీద వరసగా పేర్చిన చక్రాలు ఉంటాయి. ఒక్కో చక్రం కొంత ఒత్తిడి చేర్చి నీటిని పైకి నెడుతుంది. లాగడం పోయి నెట్టడం వచ్చింది, పేరు మాత్రం మారలేదు.

నెట్టుడికి గాలి హద్దు లేదు గాని కరెంటు లెక్క ఉంది. లీటరు నీటిని 100 మీటర్లు లేపడానికి 981 జౌళ్ళ శక్తి కావాలి. 5 హార్స్‌పవర్ మోటరు 40 శాతం సామర్థ్యంతో నడిస్తే 10 మీటర్ల నుంచి సెకనుకు 15 లీటర్లు వస్తాయి, 100 మీటర్ల నుంచి ఒకటిన్నర. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కావడంతో ఈ తేడా రైతు బిల్లులో కనిపించదు, మడికి నీరు పారే వేళలో కనిపిస్తుంది. పైగా రాయిది ఇంకో తిరకాసు. ఆదోని, పత్తికొండ వైపు గ్రానైటులో నీరు పగుళ్ళలోనే ఉంటుంది. బెలుం గుహలున్న కొలిమిగుండ్ల వైపు సున్నపురాతిని నీరే కరిగించి సొరంగాలు చేసింది. ఒక బోరు సొరంగానికి తగిలి పొంగుతుంది, పక్క చేనులో దుమ్ము లేస్తుంది. అలాంటి చోట ఎంత మంచి పంపు అయినా చేసేదేమీ లేదు.

అందుకే పెద్ద నీళ్ళను నదుల నుంచే ఎత్తుతున్నారు. శ్రీశైలం వెనుక నీటిని మాల్యాల దగ్గర అందుకునే హంద్రీ–నీవా, గండికోట నుంచి చిత్రావతి జలాశయానికి నీరు చేర్చే పథకం, రెండూ ఎత్తిపోతలే. ఎత్తు ఎక్కువైతే అంచెలంచెలుగా లేపుతారు. జర్మన్ పండితుడు అగ్రికోలా 1556లో వచ్చిన పుస్తకంలో వర్ణించిన గని పంపులూ ఒకటి తోడి పోసిన తొట్టిలోంచి ఇంకొకటి తోడేవి. ఎత్తిపోతల నీరు పులివెందుల చీనీ తోటల దాకా వచ్చినా, దాన్ని డ్రిప్పు గొట్టాల్లోకి ఎక్కించడానికి రైతుకు మరో చిన్న పంపు కావాలి.